చేను దూప

సునంద గొంతు తడిగానే ఉంది. ఆమెను కలవరపెడుతున్నది అదే.

తొలకరికి విత్తిన సోయా పూత ముగించుకుని కాయ పట్టింది. కాయలో గింజ ఊరవలసిన సమయానికి వాన మొహం చాటేసింది. శ్రావణం చివరికొచ్చినా చినుకు లేదు. బోర్‌ఖేడ ఊరి నల్లరేగడి నెర్రెలు విచ్చి, చెయ్యి పెడితే మోచేతిదాకా లోపలికి పోతోంది. మధ్యాహ్నమయ్యేసరికి ఆకులు వెనక్కి తిరిగి, వెలిసిన అడుగుభాగం పైకి చూపిస్తుంటే చేనంతా పాలిపోయినట్టు కనబడుతోంది. ఇంత జరుగుతున్నా ఆమె దవడ కింద అంటించుకున్న పట్టీ ఏమీ చెప్పడం లేదు.

కుంట గట్టు మీద కూర్చున్న రైతులు ఆమె రాగానే మాటలు ఆపారు. వాళ్లందరి చేలకూ కలిపి ఉన్నది ఆ ఒక్క కుంట. అందులో నీళ్లు ఒక్క తడికి సరిపోతాయి, అదీ పొదుపుగా పారించుకుంటే. మోటారు పెట్టె తాళంచెవి సునంద మెడలో నల్లదారానికి వేలాడుతోంది.

"ఏమంటున్నది మేడం, చేను?" అన్నాడు విఠల్. ఆయన చేను అందరికన్నా కింద ఉంది. నీళ్లు అక్కడికి చేరేది చివరికే. సునంద భర్తకు వరసకు అన్న అవుతాడు కాబట్టి ఆమెను పేరు పెట్టి పిలవవచ్చు. కానీ తాళంచెవి ఆమె మెడలోకి వచ్చిన నాటినుంచి మేడం అనే పిలుస్తున్నాడు.

"ఇంకా అడగట్లేదు బావా," అంది సునంద.

"అడిగేదాకా ఉంటదా, సచ్చేదాకా ఉంటదా?"

ఎవరో నవ్వారు. ఆమె నవ్వలేదు. నిరుడు ఏమైందో వాళ్లకూ తెలుసు. నిరుడు మొక్క మోకాలెత్తు కూడా లేనప్పుడే వారం రోజులు ఎండ కాసింది. ఆకులు వాలిపోతుంటే చూడలేక మోటారు వేశారు. పైన తడి దొరికిన వేరు లోతుకు వెళ్లనే లేదు. తరవాత కాయ పట్టే వేళకు కుంట అడుగంటింది, వేళ్లు పైనే ఉండిపోయాయి, గింజలు ఆవాల్లా ముడుచుకుపోయాయి. విఠల్ చేనుకైతే ఆ ఒక్క తడి కూడా అందలేదు. జాలి చేనును చంపుతుందని ఊరివాళ్లు నిరుడు నేర్చుకున్నారు. అందుకే ఈసారి తాళంచెవి తెచ్చి పరిశోధనా కేంద్రంలో పనిచేసే ఊరి కోడలికి అప్పగించారు. చేను తానుగా అడిగినప్పుడే మోటారు వెయ్యాలని మాట తీసుకున్నారు.

చేను అడుగుతుందన్నది మాటవరసకు అన్నది కాదు. నేలలో తడి తగ్గినప్పుడు మొక్క కాండంలో పైకి ఎక్కే నీటిదారాలు సాగి సాగి ఒక్కొక్కటిగా తెగుతాయి. తెగినప్పుడల్లా చిటుకుమంటుంది. మనిషి చెవికి ఆ శబ్దం అందదు. వెంట్రుక లాంటి సూదులను కాండాలకు గుచ్చి ఆ చిటుకులు పట్టుకోవడం సునందకు, ఆమె పై అధికారి ఫర్హానాకు చాలా కాలంగా వచ్చు. అయితే ఎన్ని చిటుకులంటే ఆపద అన్నది ఏ యంత్రమూ చెప్పలేకపోయింది. ఒక చేనును ముంచిన అంకె ఇంకో చేనుకు లెక్కే కాదు. తడి నిండుగా ఉన్న పంట కూడా మిట్టమధ్యాహ్నం చిటపటలాడుతుంది, ఎండలో పనిచేసే మనిషికి దప్పికైనట్టు. రెంటికీ తేడా చెప్పగలిగేది ఒళ్లేనేమో అంది ఫర్హానా. అలా పుట్టింది పట్టీ. సూదులు పంపిన చిటుకులను అది గొంతు నరానికి చేరవేసి, దప్పికగా మారుస్తుంది. కేంద్రం కాగితాల్లో దానికి ఏదో పొడుగాటి పేరుంది. ఊళ్లో మాత్రం దూప పట్టీ అన్నారు. దప్పికను ఆ పక్క దూప అంటారు.

పట్టీ పెట్టుకునే ముందు దానికి ఆ మనిషి ఒంటిని నేర్పాలి. ఒక పగలంతా నీళ్లు ముట్టకుండా కూర్చుని, దప్పిక ఒక్కో మెట్టు పెరిగినప్పుడల్లా మీట నొక్కాలి. పట్టీ ఆ మనిషి మెట్ల పక్కన మొక్క మెట్లు పేర్చుకుని, ఎన్ని చిటుకులకు ఎంత దప్పిక అన్నది ఆ తరవాత అదే చూసుకుంటుంది. సునంద తానే కూర్చుని నేర్పింది. సొంత చేనులోనే సూదులు గుచ్చింది. ఆ చేను కుంటకు ఆనుకునే ఉంది. మొదటి తడి కూడా దానికే.

ఇప్పుడు ఆమె ఎండిన చేను మధ్య నిలబడి, పొద్దున ఇంటినుంచి వచ్చినంత తేలిగ్గా ఉంది.

*

ఇంటికి వచ్చేసరికి భర్త దత్తాద్రి వసారాలో నిమ్మబద్ద చప్పరిస్తూ కూర్చున్నాడు. ఎదురుగా స్టూలు మీద చిన్న సీసా. పొద్దున నింపిన సీసాలో సగానికి పైగా ఇంకా అలాగే ఉంది. అవి ఆ రోజంతటికీ అతనికిచ్చిన నీళ్లు.

దత్తాద్రి మూత్రపిండాలు రెండూ పాడై మూడేళ్లవుతోంది. రోజు విడిచి రోజు పట్నం వెళ్లి డయాలసిస్ చేయించుకుంటాడు. తాగిన నీళ్లకు బయటికి దారి లేదు. ఎక్కువైతే కాళ్లలోకి, అక్కడినుంచి ఊపిరితిత్తుల్లోకి చేరతాయి. మొదటి ఏడు ఒకసారి పెళ్లిలో మజ్జిగ తాగి, తెల్లవారేసరికి ఊపిరాడక నురగలు కక్కాడు. ఆనాటినుంచి సీసా నింపే పని సునందది. అతను అడగడం, ఆమె కాదనడం కొంతకాలం సాగాయి. తరవాత అడగడం మానేశాడు. మానేసినందుకు ఆమె సంతోషించింది. ఆ సంతోషం ఎలాంటిదో ఎన్నడూ తరచి చూసుకోలేదు.

ఆ ఇంట్లో అతని ఎదుట ఎవరూ నీళ్లు తాగరు. ఎవరూ చెప్పి పెట్టిన నియమం కాదు. మొదట్లో ఆమె వంటింటి తలుపు చాటున తాగేది. గ్లాసు చప్పుడు వినిపిస్తుందని అదీ మానేసి కేంద్రానికి వెళ్లి తాగేది. అక్కడ పనిలో పడితే గుర్తుండేది కాదు. పోనుపోను నీళ్లు తాగడం ఆమెకు తిండి మధ్యలో చెయ్యాల్సిన ఒక పనిగా మిగిలింది. బంధువులు వచ్చినప్పుడు కూడా ఆ ఇంటి గాలి ఏమిటో, చెంబు ఇస్తే పక్కకు తిరిగి ఒక గుక్క తాగి కింద పెట్టేవారు.

"అడిగిందా?" అన్నాడు దత్తాద్రి.

ఆమె తల అడ్డంగా ఊపింది. అతను ఆమె గొంతువైపే చూశాడు. ఈ మధ్య అతను మనుషుల మొహాలకన్నా గొంతుల వైపే ఎక్కువ చూస్తాడు. గుటక ఎక్కడ పడుతుందో అక్కడ.

"నాకైతే గాలిల వాసన వస్తున్నది," అన్నాడు. "ఎండిన సొప్ప వాసన."

నీకు అన్నీ ఎండిన వాసనే వస్తాయి అనబోయి ఆగిపోయింది. ఆ మాట లోపలే ఉండిపోయినా, అది తనకు తట్టినందుకు ఆ సాయంత్రమంతా ఆమెకు తనమీద తనకే రోతగా ఉంది.

*

మర్నాడు పొద్దున్నే విఠల్ వచ్చాడు. లోపలికి రాలేదు. వాకిట్లో నిలబడి తువ్వాలు విప్పి దులిపాడు. ఆకుపచ్చటి లేత కాయలు గలగలమంటూ బండల మీద పడ్డాయి.

"మీ చేనుల ఏరుకొచ్చిన. మాటలు నేర్సిన చేను మాట్లాడకపాయె, కాయలు రాలవట్టె."

సునంద వంగి ఒక కాయ ఒత్తి చూసింది. లోపల గింజ చీమతల అంత ఉంది. కొన్ని కాయలను మొక్క తనంతట తానే విదిలించుకుంటుంది. అన్నిటికీ తిండి పెట్టలేనని తెలిసినప్పుడు కొన్నిటిని వదులుకుంటుంది. కానీ ఇవి ఆ కొన్ని కావు. చేనుకు పరుగెత్తింది. పొద్దు ఇంకా పైకి రాలేదు. రాత్రంతా చల్లబడ్డ మొక్క ఆ వేళకు తలెత్తుకుని నిలబడాలి. ఆకులు నిన్నటి మధ్యాహ్నం ఎలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే వాలి ఉన్నాయి. ఆమె దవడ కింద మాత్రం ఏమీ లేదు. గొంతు పొడిగా ఉందంటే ఉంది, లేదంటే లేదు.

కేంద్రంలో ఫర్హానా సూదుల దారి, పట్టీ దారి రెండూ వెతికింది. ఎక్కడా తెగలేదు. చిటుకులను చెవికి అందేలా మార్చి స్పీకరులో పెట్టింది. పేలాల మూకుడు మూత తీసినట్టు గదంతా శబ్దంతో నిండిపోయింది. ఇంత గోల ఆ చిన్న పట్టీలోకి పోతూనే ఉంది. సునంద దాన్ని గొంతుకు కట్టుకుని ఏమీ లేదంటోంది.

పట్టీకి సునంద ఒంటిని నేర్పిన నాటి గ్రాఫు ఫర్హానా తీసి చూసింది. చాలాసేపు చూసింది. మొదటి మీట సునంద నొక్కింది పొద్దు గూకాక. మధ్యాహ్నానికే ఆమె రక్తం చిక్కబడిందని ఆనాటి పరీక్షలు చెబుతున్నాయి. పెదవులు పగిలాయని నర్సు రాసింది. ఆమె మాత్రం కుర్చీలో కూర్చుని ఏమీ అనిపించట్లేదని చెప్పింది. నిజమే చెప్పింది కూడా.

"నువ్వు నిన్న నీళ్లు ఎప్పుడు తాగావు సునందా?" అడిగింది ఫర్హానా.

సునంద గుర్తు చేసుకోబోయింది. అన్నంతో. కాదు, అది మొన్న.

ఆమెకు అంతా ఒక్కసారే తెలిసొచ్చింది. పట్టీ తప్పు చెప్పలేదు. తాను నేర్పిందే చెప్పింది. దప్పికను మూడేళ్లుగా తలుపు చాటుకు నెట్టి నెట్టి, అది ఉందన్న సంగతే మరిచిన ఒంటిని తీసుకెళ్లి యంత్రానికి పాఠంగా పెట్టింది. ఆ పాఠం ప్రకారం చేను చచ్చే వేళకు గాని మొదటి మెట్టు రాదు. భర్తమీద ప్రేమతో నీళ్లు మానుకున్నానని ఇన్నాళ్లూ అనుకుంది. ఇప్పుడు ఆ స్పీకరు ముందు కూర్చుంటే, ప్రేమకు అంత మొద్దుబారాల్సిన అవసరం ఏమిటన్న ప్రశ్న వచ్చింది. అతనికి ఎంత దప్పికగా ఉందో తెలియకుండా ఉండాలంటే ముందు తన దప్పిక తనకు తెలియకూడదు. తాను చేసింది అది. సీసా నింపే చెయ్యి వణకకుండా ఉండటానికి చేసింది.

"మళ్లీ నేర్పాలి," అంది లేచి. "వేరే మనిషితో."

*

కుంట గట్టు మీద ఆమె జరిగిన పొరపాటు దాచకుండా చెప్పింది. పదిమంది ముందు చెప్పడం కష్టమవుతుందనుకుంది. అంత కష్టం కాలేదు. అసలు కష్టం తరవాత మొదలైంది. ఎవరిని కూర్చోబెట్టాలి? ఒక పగలంతా నేర్పడానికి వ్యవధి లేదు. దప్పిక మెట్లు ముందే తెలిసిన మనిషి కావాలి. విఠల్‌ను అడిగితే ఆయన చేతులు తిప్పాడు. దూపైతే తాగుడే తప్ప అది ఎంతైందో ఎన్నడన్నా కొలుచుకున్నామా అన్నాడు. మిగతావాళ్లదీ అదే మాట. దప్పికను తెలుసుకునేంతసేపు దాన్ని ఉండనిచ్చినవాడు ఆ గట్టు మీద లేడు.

ఒక్కడు ఉన్నాడు. ఒక్క చెట్టు కూడా లేని ఆ ఎండలో, మోటారు కొట్టం గోడ నీడన తలకు తువ్వాలు చుట్టుకుని కూర్చున్నాడు. అందరూ ఒకేసారి అటు చూడకుండా ఉండటానికి ప్రయత్నించారు.

"నేను పెట్టుకుంట," అన్నాడు దత్తాద్రి.

సునంద వద్దంది. ఫర్హానా గట్టిగానే వద్దంది. ఉన్న దప్పికకు ఇంకో దప్పిక తోడైతే అతను నీళ్ల దగ్గర ఆగలేకపోవచ్చు, ఆగలేకపోతే ఊపిరితిత్తులు నిండుతాయి, ఇది ప్రయోగం కాదు ప్రాణం అని విడమరిచి చెప్పింది. విఠల్ భయం వేరు. ఆయన దాన్ని మెల్లగా చెప్పలేదు.

"దూపగొన్నోని మెడకు గా పట్టీ కట్టి, ఎప్పుడు నీళ్లు ఇడువాల్నో నువ్వే చెప్పుమంటె ఏం చెప్తడు? ఇప్పుడే ఇడువుమంటడు. నిరుడు జాలి పడి ఇడిసిన్రు. ఈయేడు దూపకాగలేక ఇడుస్తరు. నా చేను ఎప్పటి లెక్కనే ఎండుతది."

దత్తాద్రి కోపం తెచ్చుకోలేదు. లేచి వచ్చి వాళ్ల మధ్య కూర్చున్నాడు.

"తాళంచెవి ఆమె తాననే ఉండనీ అన్నా. నాకియ్యద్దు." తరవాత భార్యవైపు తిరిగాడు. మిగతావాళ్లు లేనట్టే మాట్లాడాడు. "మూడేండ్లసంది అయితున్నది ఈ దూప. దానికొక పనంటూ లేదు. ఊకనే అయితది, ఊకనే ఓర్సుకుంట. ఇయ్యాల ఒక పని దొరికింది. దొరికినకాడికి చెయ్యనియ్యి."

సునంద తన దవడ కింది పట్టీ ఊడదీసింది. చర్మం మీద దాని ముద్ర ఎర్రగా మిగిలింది.

మీట అతని చేతిలో పెట్టి ఒక్కో మెట్టు అడుగుతుంటే ఫర్హానా ఆశ్చర్యాన్ని దాచుకోలేకపోయింది. అతను దప్పికను ఊరివాళ్లు గుంటలను, గట్లను చెప్పినంత వివరంగా చెప్పాడు. నాలుక అంగిలికి అంటుకునేది ఒకటి. మాట చివర విరిగేది ఒకటి. కుళాయి చప్పుడుకు మెడ దానంతట అదే తిరిగేది ఇంకొకటి. నీళ్లు గుర్తుకు రాకుండా పోయేది అన్నిటికన్నా పైది, అది వస్తే జాగ్రత్తగా ఉండాలి. వింటూ సునంద కళ్లు దించుకుంది. ఇవన్నీ ఆమె వంట చేస్తున్నప్పుడు, పడుకున్నప్పుడు, పక్కనే జరిగాయి.

పట్టీ పెట్టగానే అతని భుజాలు ముందుకు వంగాయి. ఊపిరి సరిచేసుకుని, వచ్చింది అన్నాడు. తనది గొంతులో ఉంటుందట, ఇది అరికాళ్లనుంచి పైకి వస్తోందట. మొత్తం ఒళ్లు ఒక గొంతు అయినట్టు ఉందట.

"మరి ఇడువాల్నా?" అన్నాడు విఠల్. గొంతులో వెటకారం లేదు.

రైతులంతా అప్పటికే లేచి నిలబడ్డారు. సునంద చెయ్యి తాళంచెవి మీదికి వెళ్లింది. రాలిన కాయలు చూశాక ఆగాలని ఆమెకూ లేదు. ఆలస్యం చేసింది తానే కాబట్టి, ఇప్పుడు తొందరపడితే ఆ తప్పు కొంత మాసిపోతుందనిపించింది.

"ఇడువద్దు," అన్నాడు దత్తాద్రి.

నమ్మలేనట్టు చూశారు.

"పొద్దు నెత్తిమీదున్నది. ఇందుల ఎండ దూపెంతనో, అసలు దూపెంతనో తెలుస్తలేదు. రెండు కలిసి అరుస్తున్నయి. తెల్లారితే తెలుస్తది. సల్లబడ్డంక కూడ తగ్గకపోతే అడిగినట్టు. తగ్గితే ఇంక రెండు రోజులు ఆగుతది."

అది కేంద్రానికి శిక్షణకు వచ్చే పిల్లలకు సునంద చెప్పే పాఠమే. తెల్లవారుజామున మొక్క ఎలా ఉందన్నదే అసలు లెక్క. ఆ పాఠం తొందరలో ఆమెకు గుర్తు రాలేదు. అతనికి ఆ పాఠం తెలియదు. మెడ పక్కన నరం ఉబ్బుతుండగా కొట్టం గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నీళ్లు విడిస్తే అందరికన్నా ముందు సుఖపడేది తానే. అది అతనికీ తెలుసు, వాళ్లకూ తెలుసు. విఠల్ తన తువ్వాలు తడిపి తెచ్చి అతని తలకు చుట్టాడు.

*

సాయంత్రానికి సీసా ఖాళీ అయింది. చీకటి పడ్డాక అతను ఆమెను పిలిచాడు.

"సునందా. ఒక్క గుక్క."

మూడేళ్లలో ఈ మాటకు ఆమె దగ్గర ఎప్పుడూ ఒకటే జవాబు. చాలు అనేది, లేదా రేపు అనేది, లేదా వినిపించుకోనట్టు లోపలికి వెళ్లేది. ఇప్పుడు వెళ్లలేదు. మంచం పట్టె మీద కూర్చుని అతని గొంతువైపు చూసింది. పట్టీ కింద చర్మం లోపలికి గుంజుకుపోయి ఉంది.

"ఎంతుంది?" అని అడిగింది. ఇన్నాళ్లలో మొదటిసారి అడిగింది.

అతను చెప్పాడు. ఏది తనది, ఏది చేనుది అన్నది ఇప్పుడు విడదీయలేకపోతున్నానన్నాడు. చిన్నప్పుడు జొన్న కంకులు మోసుకొచ్చి బావి దగ్గర బోర్లా పడి తాగిన సంగతి చెప్పాడు. ఆమె పట్టీ తీసేద్దామంది. రేపు పొద్దున ఏమైతే అదవుతుంది, చేలు పోతే పోతాయి అంది. ఆ మాట అనేటప్పుడు మనస్ఫూర్తిగానే అంది.

"తియ్యకు. గుక్క అడిగింది మరిసిపో."

"మరిచిపోను," అంది సునంద. "ఇవ్వను. మరిచిపోను కూడా."

అతను ఆమె చెయ్యి తీసుకుని తన గొంతు మీద పెట్టుకున్నాడు. ఆమె అరచేతి కింద గుటక పడబోయి, మింగడానికి ఏమీ లేక ఆగింది. కొంతసేపటికి మళ్లీ పడబోయి మళ్లీ ఆగింది. నిద్ర పట్టేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.

*

తొలికోడి కూసే వేళకు దత్తాద్రి చేను మధ్య నిలబడి ఉన్నాడు. నేల చల్లబడింది. గాలిలో వేడి లేదు. అతను కళ్లు మూసుకుని ఊళ్లో ఎవరో దూరంనుంచి పిలుస్తుంటే వింటున్నట్టు తల ఒక పక్కకు వంచాడు. గట్టు మీద ఎవరూ దగ్గలేదు.

"తగ్గలే," అన్నాడు. "అడుగుతున్నది. ఇడువున్రి."

సునంద తాళం తీసి మీట నొక్కింది. మోటారు కాసేపు గొణిగి, గొంతు సవరించుకుని, నీళ్లు కక్కింది.

కుంటలో ఒక గెడకర్ర పాతి ఉంటుంది. దానిమీద ఒక్కో ఇంటికి ఒక్కో గీత. నీళ్లు నీ గీతకు దిగాయంటే నీ వంతు అయిపోయింది, పార తీసుకుని కాలువ మడవ తిప్పి కింది చేనుకు దారి ఇవ్వాలి. గడియారాలు రాకముందునుంచీ ఆ ఊళ్లో అదే పద్ధతి. పై చేనువాళ్లు గీత దాటితే కింది చేనుకు మిగిలేది బురదే. నిరుడు జరిగింది అదే.

మొదటి వంతు సునంద వాళ్లది. సాలు విడిచి సాలు నీళ్లు పారించారు. నెర్రెలు గుడగుడమంటూ తాగాయి. మొదట్లో నీళ్లు ముందుకు సాగనే లేదు, పోసినవి పోసినట్టే నేలలోకి దిగిపోయాయి. తరవాత సాళ్ల వెంట పాములా పాకుతూ వచ్చాయి. దత్తాద్రి గట్టు మీద కూర్చుని పాదాలు రెండూ పొడి మట్టిలో పెట్టుకున్నాడు.

చాలాసేపటివరకు అతనిలో మార్పు లేదు. పొద్దు పొడుస్తుండగా అతని కాలి వేళ్లు విచ్చుకున్నాయి. మోకాళ్లు వదులయ్యాయి. మెడలో ఉబ్బిన నరం కొద్దికొద్దిగా లోపలికి పోయింది. అతని నోరు తెరుచుకుంది. గొంతులో ఒక గుటక పడింది, ఆగకుండా పూర్తిగా కిందికి దిగింది. వెంటనే ఇంకొకటి. చుక్క నీరు పెదవికి తగలకుండానే అతను తాగుతున్నాడు. బావి దగ్గర బోర్లా పడుకున్న పిల్లాడిలా, మధ్యలో ఊపిరి తీసుకోవడం కూడా మరిచి తాగుతున్నాడు.

సునంద గెడకర్ర పక్కన నిలబడి అతన్నే చూస్తోంది. ఇన్నేళ్లూ ఆ మొహంలో ఏదో బిగిసి ఉండేదని, అది పోయాక గాని ఆమెకు తెలియలేదు. పెళ్లినాటి మొహం కాదు అది. ఆమె ఎన్నడూ చూడని మొహం. ఇన్నాళ్లూ తాను కాదన్నదంతా ఇప్పుడు తన చేతిమీదుగా అతనికి వెళుతోంది.

నీళ్లు గీతకు దిగాయి. ఆమె చూసింది. పార ఆమె చేతిలోనే ఉంది. మడవ నాలుగడుగుల దూరంలో ఉంది. చేను సగమే తడిసింది. అతని దప్పిక కూడా సగమే తీరి ఉంటుంది.

చెయ్యి కదలలేదు. దూపగొన్నవాడు ఆగలేడని అందరూ భయపడ్డారు. ఇచ్చేవాళ్లు ఆగలేరని ఎవరికీ తోచలేదు, ఆమెకూ తోచలేదు. గీత నీళ్లపైకి తేలింది. కర్ర మీద తడి గుర్తు ఒక వేలు, తరవాత రెండు వేళ్లు పైకి కనబడింది. కింద, దూరంగా, విఠల్ తన ఎండిన చేను గట్టు మీద నిలబడి ఇటే చూస్తున్నాడు. ఆయన కేక వెయ్యలేదు. నిరుడు కేకలు వేసి వేసి విసిగిపోయినవాడిలా ఊరికే నిలబడ్డాడు.

దత్తాద్రి కళ్లు తెరిచాడు.

"గీత దిగిందా?"

ఆమె అబద్ధం చెప్పడానికి నోరు తెరిచింది. అతను ఆమె మొహం చూడలేదు. గొంతు చూశాడు. అక్కడ ఇరుక్కున్న మాట కనబడింది.

"మళ్లియ్యి," అన్నాడు.

"ఇంకొంచెంసేపు. సగమే..."

"సగమే మనది."

"నీకు తీరనీ," అంది సునంద. అంత చిన్న గొంతుతో ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు. "ఒక్కసారి పూర్తిగా తీరనీ."

అతను లేచాడు. తడిసిన మట్టిలో పాదం జారితే గట్టు పట్టుకుని నిలదొక్కుకున్నాడు. డయాలసిస్ సూదులు గుచ్చి గుచ్చి గడ్డలు కట్టిన ఎడమ చెయ్యి పక్కకు పెట్టుకుని, కుడిచేత్తో ఆమె చేతిలోని పార తీసుకున్నాడు. ఆమె ఇచ్చిందో, అతను లాక్కున్నాడో ఇద్దరికీ తెలియదు. మడవ దగ్గర వంగి ఒక పార మట్టి తీసి తమ చేను నోటికి వేశాడు. నీళ్లు ఆ మట్టిని కోసుకుని లోపలికి దూరాయి. ఇంకో పార వేశాడు. గొంతులో సగం దిగిన గుటక అక్కడే నిలిచింది. మూడో పార వేసి మడమతో తొక్కాడు.

సాళ్లలో నీటి చప్పుడు ఆగింది. అతని మెడ నరం మళ్లీ కొద్దిగా లేచింది. పెదవులు తడుపుకోబోయాడు. నాలుకకు తడి లేదు.

అతను పట్టీ తియ్యలేదు. సునంద వచ్చి పార రెండో వైపు పట్టుకుంది. ఇద్దరూ కలిసి కింది కాలువకు అడ్డంగా ఉన్న గట్టు తెగగొట్టారు. నీళ్లు ఒక క్షణం తటపటాయించి, దారి దొరికినట్టు ఒక్కసారిగా కిందికి మళ్లాయి. కింది చేలవైపు, వాటి చివరన ఉన్న విఠల్ చేనువైపు వేగంగా సాగిపోయాయి.